గవరమ్మ బతుకుచిత్రం

ఆ పూట సాలూరు చిత్రశాలలో ముగ్గురు చనిపోయినవాళ్ల సినిమాలు ఆడుతున్నాయి. మొదటి గదిలో ఒక చెరకు రైతుది, రెండో గదిలో ఎవరో పోస్టుమాస్టరుది. మూడో గదిలో అసిరయ్య కూర్చుని తన భార్య గవరమ్మ బతుకుచిత్రం చూస్తున్నాడు. సాయంత్రం ఊరికి వేసే ముందు ఇంటివాళ్లు చూసి సరేననాలన్నది నియమం.

ప్రతి ఇంట్లోనూ, ప్రతి పందిట్లోనూ మాటలన్నీ విని దాచుకునే గోడచెవి వచ్చాక మనుషులు పోయినా వాళ్ల మాటలు పోవడం లేదు. యంత్రం ఆ మాటల్ని జల్లించి, ఫొటోలకు కదలిక పోసి, పెద్దకర్మ నాటికి సినిమా తయారుచేసి ఇస్తుంది.

గవరమ్మ పండగ పందిళ్లలో జముకుల కథలు చెప్పేది. తెర మీద జముకు చంకన పెట్టుకుని తీగ మీటుతుంటే అచ్చం ఆమే. ఆ తరవాత ప్రేమభాగం వచ్చింది. జోరువాన, మొక్కజొన్న చేను. పాతికేళ్ల అసిరయ్య ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే నా లోకమే చీకటి" అన్నాడు.

అసిరయ్య కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ఇదేటమ్మా? ఈ మాట నానెప్పుడన్నాను?"

చిత్రశాల అమ్మాయి యామిని నవ్వింది. "అనలేదు తాతగారూ. మీ కాపురం మొత్తంలో ఒక్క ప్రేమ మాటా దొరకలేదు. అందుకని యంత్రమే రాసింది. చాలామందికి అదే రాస్తుంది లెండి."

"వంత పట్టాను కదేటి?"

"వంతంటే?"

చరణం చివర ఆమె ఆగి వెనక్కి తిరిగి చూసేదని, వంతగాడు "ఆపైనేటైందే?" అని అడిగితేనే తరవాతి చరణం ఎత్తేదని చెప్పాడు. ఆ వంతగాడు తనే. ఇంట్లో ఉప్పూ పప్పూ తప్ప వాళ్లకు వేరే మాటలు ఉండేవి కావు. పందిట్లో మాత్రం ఆమె చెబుతూనే ఉండేది, అతను అడుగుతూనే ఉండేవాడు.

యామిని నవ్వు ఆగిపోయింది. "ఆ గొంతును స్వరజల్లెడ తీసేసింది. పాటకు అడ్డొస్తున్న చప్పుడనుకుంది. తీసేసింది ఇక రాదు తాతగారూ."

"అందుకేనా, గవరి ఊపిరి పీల్చకుండా పరిగెడతంది!"

యామిని తెర వైపు చూసింది. "ఒకటి చెయ్యగలను. చరణం చివర ఆవిడ ఆగేలా పెడతాను. మీ గొంతు వినబడ్డాకే బొమ్మ ముందుకు కదులుతుంది."

"అలగే సెయ్యి తల్లీ. ఆ వాన తీసీ."

సాయంత్రం గది నిండింది. అసిరయ్య పక్కన కూతురు లిఖిత కూర్చుంది. తెర మీద పడుచు గవరమ్మ మొదటి చరణం ముగించి వెనక్కి తిరిగింది. అసిరయ్య కుర్చీలో ముందుకు వంగాడు.

"ఆపైనేటైందే?"

ఆమె పెదవి ఓరగా నవ్వి, తరవాతి చరణం ఎత్తింది.

"ముసిలోడిలో ఇంకా పస ఉందిరా!" అన్నారెవరో. నవ్వులు. అసిరయ్య వెన్ను నిటారైంది. అడిగిన ప్రతిసారీ ఆమె కథ చెప్పింది. తెర మీద లిఖిత పుట్టింది, ఇల్లు కట్టారు, జముకు చర్మం రెండుసార్లు మారింది. ఆమె జుట్టు తెల్లబడ్డాక గాని అతనికి తట్టలేదు, తను అడిగినకొద్దీ ఆమె పెద్దదవుతోందని.

పాచిపెంట పండగ పందిరి వచ్చింది. ఆకుపచ్చ చీర. ఆఖరి రోజున ఆ చీరతోనే, ఆ కథ మధ్యలోనే, తను వంత అందించగానే తరవాతి చరణం ఎత్తబోయి ఆమె జముకు మీదికి ఒరిగి, ఇక లేవలేదు.

తెర మీద గవరమ్మ చరణం ముగించి వెనక్కి తిరిగింది.

అసిరయ్య పెదవులు బిగించాడు.

"ఏటి మామా, నిద్దరోయావేటి?" అన్నారు వెనకనుంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నాన్నా, అడుగు. అమ్మ చూస్తంది," అంది లిఖిత మెల్లగా.

యామిని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ గొంతు తప్ప బొమ్మను కదిపే మీట ఆమె దగ్గర లేదు. "ఒక్క మాట, తాతగారూ," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. గుండెలోంచి ఏడుపు తన్నుకొస్తోంది. ఆ చప్పుడుకే బొమ్మ కదిలిపోతుందేమోనని కండువా ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

తెర మీద గవరమ్మ అతని వైపే చూస్తూ ఉంది.