మోదే అన్న మాట వచ్చేదాకా

సంచి అడుగున లిప్‌స్టిక్ గొట్టంలో ఇమిడిన ఫోన్. దాని మీద ఎర్ర గౌను, వెండి చెప్పులు. వీలిసి సంచి సర్దడం అయిపోయింది. వాన కోటు పెట్టలేదని సర్వర్ చూసే అకుయిలా రెండోసారి గుర్తు చేశాడు.

"నౌకలో పాటలు పాడేదాన్నయ్యా నేను. కోటు తొడుక్కుని పాడమంటావా?"

ఆ విలాస నౌక విదేశీ ముఠాది. ఫిజీ రాజధాని సువాలో వీలిసి తమ మనిషేనని వాళ్ళ నమ్మకం.

"సాయంత్రానికి తుఫాను" అంది నిఘా శాఖ అధికారి మేడమ్ కెలేరా. "జనం ఎక్కడ తలదాచుకోవాలో మన వెబ్‌సైట్‌లో చూసుకునే వేళకి ముఠా లక్షల దొంగ రిక్వెస్టులు గుప్పిస్తుంది. సర్వర్ కూలుతుంది. బాగుచేసే వంకతో నెట్‌వర్కంతా వాళ్ళ చేతికి పోతుంది."

"నీ సర్వర్ వట్టి పిచ్చిది" అంది వీలిసి అకుయిలాతో. "అడిగిన ప్రతివాడికీ కొత్తగా పొయ్యి వెలిగిస్తుంది. నేలలో తవ్విన ఒక్క లోవో పొయ్యిలో కాలిస్తే ఊరంతా తినదూ? పేజీ ఒక్కసారి తయారుచేసి, ఆ కాపీనే అందరికీ వడ్డించు."

"ఇప్పట్నించేనా? కాపీ పెడితే సెర్చ్ పెట్టె మూసుకుపోతుంది. పడవ పంపమని జనం అడిగేది అందులోనే. వాళ్ళ నోరు నొక్కమంటావా?"

"దాడికి ముందు నేనే చెబుతాలే. సెర్చ్ పెట్టెలో 'మోదే' అని కొడతా."

"పెట్టె మూశాక నీ మాటా నాకు చేరదు."

వీలిసి సంచి భుజానికి తగిలించుకుంది. "మోదే, అకుయిలా." విడిపోయేటప్పుడూ, నిద్రపుచ్చేటప్పుడూ అక్కడ అనే మాట అదొక్కటే.

సర్వర్ గదిలో అతనొక్కడే కూర్చున్నాడు. తెరమీద వెతుకులాటలు జారిపోతున్నాయి: కోరో దీవి, బడి, పడవ. మూడింటికి ఒకటి వచ్చింది: 'వాన కోటు తేవాల్సింది.' అతను నవ్వాడు. వినేవాళ్ళు లేరు.

నాలుగూ పన్నెండుకి: 'మోదే.'

కాపీకి మార్చే మీట మీద వేలు పెట్టాడు. వెంటనే ఇంకొకటి: 'వాన కోటు. పడవ పంపు.'

ఎక్కడికో రాయలేదు. నౌక ఏ నీళ్ళలో ఉందో ఎవరికీ తెలియదు. లోడ్ గీత నిట్టనిలువుగా లేచింది. చోటు పేరు కోసం మూడు సెకన్లు ఆగాడు. పేజీ తెల్లబడబోయింది. నొక్కాడు.

గీత కూలింది. దొంగలకీ కాపీయే, దొరలకీ కాపీయే. ఐదు నిమిషాలకోసారి లోపలి నుంచి అతను కొత్త కాపీ పెట్టాడు. కోరోలో అందరూ బడికి చేరారు.

ఆదివారం పొద్దున పెట్టె తెరిచి చూశాడు. ఖాళీ. వెబ్‌సైట్ ఒక్క క్షణమైనా తడబడలేదని రేడియోలో మంత్రిగారు మెచ్చుకున్నారు. ఆయనకు వీలిసి పేరు తెలియదు. తెలియకూడదు కూడా.

వీలిసి తిరిగి రాలేదు. వెళ్ళింది ఫిబ్రవరి పదకొండు, శనివారం, పొద్దున ఎనిమిదింటికి.