కేలరీ మేడమ్ సూపు

చలికాలం వచ్చిందంటే ఆ ఆఫీసు క్యాంటీన్‌లో గుమ్మడికాయ సూపుకు ఎగబడేవారు. గిన్నెడు క్రీమూ పిడికెడు వెన్నా పడితే గానీ వంటమాస్టరు కంటికి అది సూపులా ఆనేది కాదు. అలాంటి వంటగదిలోకి తూకం మిషను చంకన పెట్టుకుని ఒకమ్మాయి దిగింది. సిబ్బంది ఆరోగ్యం కోసం మూడు నెలల ట్రయల్ మీద వేసుకున్న డైటీషియన్. సాయంత్రానికల్లా కేలరీ మేడమ్ అని పేరు పడిపోయింది.

“రేపట్నుంచి వెన్న, క్రీము బంద్.”

“మరి సూపులో ఏం వెయ్యాలండీ?”

“గుమ్మడికాయ.”

“దాన్ని ఉడకబెట్టిన నీళ్లంటారు మేడమ్.”

మర్నాడు గిన్నెలు నిండుగా వెళ్లి నిండుగానే తిరిగొచ్చాయి. ఆమె సింకు పక్కన నిలబడి వాటిని చూస్తూ కళ్లు తుడుచుకుంది. వంటమాస్టరుకు ఆ పూట ముద్ద దిగలేదు.

ఆ మర్నాటి నుంచి సూపుకు ఎక్కడలేని గిరాకీ! స్టోరులో వెన్న ఆమె రోజూ తూచేది, గ్రాము కూడా తగ్గేది కాదు. ఒకాయనకు మోకాళ్ల నొప్పులు మాయం. ఒకావిడ మొహంలో కొత్త మెరుపు. మేనేజరుగారు రెండు కిలోలు తగ్గానంటూ బెల్టుకు కొత్త కన్నం పొడిపించుకుని కనపడ్డవాళ్లందరికీ చూపించారు.

“మాస్టారూ, రేపు అందరి ముందూ నన్నే సూపు చేసి చూపించమన్నారు. అది బాగుంటే ఉద్యోగం పర్మనెంట్!” అంటూ పరుగున వచ్చిందామె.

అతని చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె చేస్తే అవి నీళ్లే. పరువూ ఉద్యోగమూ రెండూ పోతాయి.

“మేడమ్, ఆ సూపులో వెన్న ఉంది. రోజూ మా ఇంటి నుంచి టిఫిన్ బాక్సులో తెస్తున్నా.”

ఆమె మొహం కందగడ్డలా అయిపోయింది. “నన్ను వెర్రిదాన్ని చేశారా?”

“ఆ రోజు మీరు ఏడుస్తుంటే చూడలేకపోయానండీ. మీరంటే నాకిష్టం.”

“ఇష్టమైతే వంట నేర్పాలి గానీ మోసం చేస్తారా? పొయ్యి వెలిగించండి.”

ఆ సాయంత్రం ఇద్దరూ గుమ్మడి ముక్కల్నీ వెల్లుల్లినీ ఓవెన్‌లో ఎర్రగా కాల్చారు. క్రీముకు బదులు ఉడికిన పప్పు మెత్తగా రుబ్బి కలిపారు. నాలుగో ప్రయత్నానికి రుచి కుదిరింది. చివర్లో ఒక్క చెంచా వెన్న ఆమే వేసి, “దీన్ని మెనూ బోర్డు మీద రాస్తాను,” అంది.

మర్నాడు సూపు చేసి, వడ్డించే ముందు నిజం చెప్పేసింది. “ఇన్నాళ్లూ మీరు తాగింది వెన్న సూపే. నేను కనిపెట్టలేకపోయాను.”

“అసాధ్యం!” అన్నారు మేనేజరుగారు. “మరి నేనెలా తగ్గానూ?”

మోకాళ్లాయన చెంగున లేచి అటూ ఇటూ నడిచి చూపించాడు. మెరుపావిడ అద్దం తీసింది. ఎవరూ నమ్మలేదు. కొత్త సూపు మాత్రం గిన్నెలు నాకి మరీ తాగారు. ఆమెకెంత వినయమో అని మెచ్చుకుంటూ మేనేజరుగారు ఉద్యోగం ఖాయం చేశారు.

జనం వెళ్లాక ఆమె వంటగదిలోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

“పొద్దున్నుంచీ నిజం చెప్తుంటే ఒక్కరూ నమ్మరే! నువ్వైనా నమ్ముతావా?”

నువ్వు అన్న పిలుపుకే అతను పొంగిపోయాడు. “చెప్పండి మేడమ్.”

“నువ్వంటే నాకూ ఇష్టమే.”

అతను వెంటనే నమ్మేశాడు.