కొత్తరేవు కంపుపెట్టె

కొత్తరేవులో ఇంటి గోడలు ఎండను బట్టి రంగు మార్చుకుంటాయి. ట్రాములు నేలకు తగలకుండా జానెడెత్తున పోతాయి. సముద్రం పైకొచ్చి పాత ఊళ్ళను మింగేశాక, ఇరవై రెండో శతాబ్దపు తెలివితేటలన్నీ పోగేసి కట్టుకున్న నగరమది. గట్టిగా వాన పడితే మాత్రం పల్లపువీధుల్లో మురుగు తిన్నగా వంటింట్లోకి వస్తుంది. ఆ ఒక్కటీ మారలేదు. మేయరూ మారలేదు.

మేయర్ గెద్దాడ భూషణం. "వచ్చే వానాకాలానికి మురుగు అనే మాటే మర్చిపోతారు" అని ప్రతి ఎన్నికలోనూ అంటాడు, ప్రతి ఎన్నికలోనూ గెలుస్తాడు. మురుగు కాలువను పూడ్చి దాని మీద మేడలు లేపింది ఆయన మనుషులే. వాటికి అనుమతులిచ్చిందీ ఆయనే.

ఈసారి భూషణం పని అయిపోయిందని పినాకపాణి అనుకున్నాడు. అనుకోవడానికి కారణం ఉంది. అతను అనృతగంధిని కనిపెట్టాడు.

అనృతగంధి అరచేయంత పెట్టె. మాట్లాడే మనిషి మెదడులో పుట్టే సూక్ష్మ విద్యుత్ తరంగాలను దూరం నుంచే సెన్సర్లతో పట్టుకుంటుంది. లోపలి ఆలోచనకీ బయటి మాటకీ పొంతన కుదరకపోతే బుస్సుమని గంధకపు అణువుల్ని గాల్లోకి వదులుతుంది. కుళ్ళిన గుడ్డూ చచ్చిన ఎలుకా కలిసిన కంపు అది. అబద్ధం ఎంత పెద్దదైతే కంపు అంత పెద్దది.

"ఎర్ర దీపం వెలిగిస్తే సరిపోయేది కదా! ఈ రోతెందుకు?" అని అడిగింది అతని భార్య వకుళ.

"దీపం పెడితే కళ్ళు మూసుకుంటారు. గంట కొడితే చెవులు మూసుకుంటారు. ఊపిరి ఎంతసేపు బిగబడతారు, చెప్పు?"

ఎన్నికల అధికారులకు ఆ వాదన నచ్చింది. మేయర్ పదవికీ, కౌన్సిల్ వార్డులకీ పోటీ చేసే ప్రతి అభ్యర్థి మైకు పక్కనా ఈ పెట్టె ఉండి తీరాలన్నారు. అనృతగంధి అనడానికి నోరు తిరగక జనం దాన్ని కంపుపెట్టె అన్నారు.

ఆ పెట్టె ఇచ్చిన ధైర్యంతోనే వకుళ మేయర్ పదవికి నామినేషన్ వేసింది. ఆమె పల్లపువీధుల ఆసుపత్రిలో డాక్టరు. ఏటా వానలు మొదలవగానే వాంతులతో, విరేచనాలతో వచ్చే పసిపిల్లలకు సెలైన్లు ఎక్కించీ ఎక్కించీ విసిగిపోయింది. కిందటి వానలకు కొందరు ఆమె చేతుల్లోనే పోయారు. కాలువ మళ్ళీ కాలువగా పారాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

"కాలువ మీద కట్టినవన్నీ పడగొట్టాలి, పాణీ. మన కెరటం అపార్ట్‌మెంటుతో సహా. నీకు బాధగా లేదూ?"

పినాకపాణి బాల్కనీలో ముచ్చటగా పెంచుకుంటున్న కమలా మొక్క ఆకుల్ని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఇల్లుదేముంది? ఇంకోటి చూసుకుందాం. నువ్వు గెలవాలి, అంతే" అన్నాడు.

ఆ రోజు పెట్టె ప్రయోగశాలలో ఉంది.

భూషణం మొదటి సభకు పినాకపాణి పనిగట్టుకుని వెళ్ళాడు. "నా అక్కచెల్లెళ్ళారా!" అనగానే పెట్టె బుస్సుమంది. "మీ కష్టం నా కష్టం" అనేసరికి ముందు వరసలో ఇద్దరు వాంతి చేసుకున్నారు. మురుగు మాట ఎత్తగానే జనం కొంగులూ తువ్వాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకుని పరుగో పరుగు. మైదానంలో కుర్చీలు మిగిలాయి. పినాకపాణి ఇంటికొచ్చి పెళ్ళాం చేత పాయసం చేయించుకుని తిన్నాడు.

భూషణం మాత్రం తక్కువ తిన్నాడా? రెండో సభకి గేటు దగ్గరే ముక్కుకి పెట్టుకునే క్లిప్పులు పంచాడు. పసుపుపచ్చవి. మీద ఆయన ఎన్నికల గుర్తు పనసపండు. అవి పెట్టుకుని జనం హాయిగా కూర్చుని చప్పట్లు కొట్టారు. మర్నాటికల్లా వీధుల్లో గొడవ మొదలైంది, కంపు గురించి కాదు. "పక్కింటోళ్ళకి ఇంటిల్లిపాదికీ ఇచ్చారు, మాకు రెండే ఇచ్చారు" అని గొడవ! వార్డు అభ్యర్థులు ఇంకో మెట్టు ఎక్కారు. మా నాయకుడి కంపు రేవు దాకా కొట్టిందంటే మా నాయకుడిది రైల్వే గేటు దాకా కొట్టిందని వాళ్ళ మనుషులు మీసాలు మెలేశారు. చెప్పుకోవడానికే అసహ్యమేస్తుంది.

ఇక వకుళ సభ. ఎండుచేపల బజారులో నిలబడి, "ఉచితంగా ఏమీ ఇవ్వలేను. కాలువ తవ్విస్తాను. అడ్డమున్న మేడలు పోతాయి, ముందు మా ఇల్లే పోతుంది" అంది. పెట్టె కిమ్మనలేదు. గాలిలో ఎండుచేపల వాసన తప్ప ఇంకేమీ లేదు. జనం మొహమొహాలు చూసుకున్నారు.

చేపల బుట్ట ముందు కూర్చున్న నీలాచలమ్మ లేచింది. కిందటి వానలకు ఆమె మనవణ్ణి బతికించింది వకుళే.

"డాట్రమ్మా, నువ్వు మంచిదానివే. కాదన్ను. గానీ సరుకున్న బుట్టే కంపు కొడతాది. ఆ బూసనం కాడ అంత కంపొచ్చిందంటే ఆడి కాడ ఏదో ఉన్నట్టే కదా! పదిట్లో ఒకటైనా ఇస్తాడు. నీ కాడ ఏటీ వాసన్నేదు. అంటే ఇయ్యడానికి నీ కాడ ఏటీ నేదనే కదమ్మా?"

బజారంతా గొల్లున నవ్వింది. వకుళ బుట్ట పక్కనే నిలబడ్డ ఆమె మనవడి వైపు చూసింది. వాడి ముక్కుకి పనసపండు క్లిప్పు ఉంది.

భూషణం గెలిచాడు. మామూలుగా కాదు, కనీవినీ ఎరగని మెజారిటీతో. కౌన్సిల్ వార్డులన్నీ ఆయన మనుషులవే.

ఫలితాలు వచ్చిన సాయంత్రం కెరటం అపార్ట్‌మెంటు కింద టపాసులు పేలుతున్నాయి. బయట సన్నగా వాన మొదలైంది. పినాకపాణి హాల్లో పచార్లు చేస్తూ ఊగిపోతున్నాడు.

"ఛీ! వీళ్ళూ మనుషులేనా! తెలిసి తెలిసి పెంట మీద కూర్చున్నారు. వీళ్ళ కోసమా నేను ఇన్నేళ్ళు తలబద్దలు కొట్టుకుంది? లేదు వకుళా, పెట్టెలోనే ఏదో లోపం ఉండుంటుంది. ఉండు చూద్దాం." బల్ల మీద పెట్టె పెట్టి మీట నొక్కాడు. "ఏదీ, ఒక అబద్ధం చెప్పు."

వకుళ కాసేపు కిటికీలోంచి వాన చూసింది. "ఓడిపోయినందుకు నాకేం బాధ లేదు."

పెట్టె బుస్సుమంది. సన్నగా కుళ్ళు వాసన వచ్చింది. ఆమె నవ్వబోయి ఏడ్చింది. పల్లపువీధుల్లో ఈ పాటికి నీళ్ళు గుమ్మాలెక్కుతూ ఉంటాయి.

"బాగానే పనిచేస్తోంది" అన్నాడతను నిట్టూర్చి, ఆమె పక్కన కూర్చుంటూ.

వకుళ కళ్ళు తుడుచుకుని అతని భుజానికి తల ఆనించింది. "పోనీలే. ఈ బిల్డింగు మొత్తంలో నాకు పడ్డవి నా ఓటూ నీ ఓటే అయ్యుంటాయి. కదూ?"

"మరి? నీకు కాక ఇంకెవరికి వేస్తాను?"

ఆలోచన కంటే ముందు నోరు కదిలింది. ఎప్పుడూ జరిగేదే.

పెట్టె బుసకొట్టింది. ఆగలేదు. భూషణం ఏ సభలోనూ రానంత కంపు, గొంతులో వేలు పెట్టినట్టు, హాలంతా నిండిపోయింది. బాల్కనీలోని కమలా మొక్క దాకా పాకింది.

వకుళ అతని భుజం మీంచి తల తీసింది. ముక్కు మూసుకోలేదు. అలాగే, ఆ కంపంతా పీలుస్తూ, అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది.

పినాకపాణి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. పసుపుపచ్చ పనసపండు క్లిప్పు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు.

"ఇల్లు పోతుందని..." అన్నాడు ముక్కుతో.

ఈసారి పెట్టె బుసకొట్టలేదు.