రెండు ట్రయజోల్‌లు కలిపిన నేరం

"నా సీసాలో ఏం పోశారు, హేమచంద్రగారూ?"

కోపం వస్తే దేవిక నోట ఆ 'గారు' మరీ స్పష్టంగా పలుకుతుంది. ఏడాదిగా పక్కపక్క టేబుళ్ల దగ్గర రీసెర్చ్ చేస్తున్నవాణ్ణి, నాకు తెలియదా!

"ట్రయజోల్ పొడే పోశానండీ. అడుగంటిందని నింపి పెట్టాను."

నిజానికది నా వీడ్కోలు కానుక. అమీర్‌పేటలో జావా నేర్చుకున్న పుణ్యమా అని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. సికింద్రాబాద్‌లోని ఈ కాలేజీ ల్యాబ్ వదిలేముందు ఆమె సీసాలన్నీ తుడిచి, నింపి వెళ్దామనుకున్నాను. మనసులో మాట చెప్పలేనివాడు ఇంకేం చేస్తాడు?

"పక్క సీసా తెచ్చి ఇందులో ఖాళీ చేశారు. అది అమైనో ట్రయజోల్! ఇనుమును పట్టుకునే లిగాండే వేరు!"

రెండూ తెల్లటి పొడులే. నా ఖర్మ.

దేవిక తయారు చేసేది ఇనుముతో ఒక పొడి. చల్లగా ఉంటే ఊదా రంగులో ఉండి అయస్కాంతాన్ని లెక్కచేయదు. వేడెక్కితే తెల్లబడి దానివైపు మొగ్గుతుంది. చిక్కల్లా వంద డిగ్రీల దగ్గరగానీ మారదు. గది వేడికే మారేది కావాలన్నారు ప్రాజెక్టువాళ్లు. ఎల్లుండి శుక్రవారం చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారు, ఆమె పీహెచ్‌డీ ఆగిపోతుంది.

"ఆఖరి బ్యాచంతా ఆ కల్తీతోనే చేశాను. పొద్దున కిటికీలో పెడితే తెల్లగా పాలిపోయింది. మీకేం, హాయిగా కంప్యూటర్ ముందు కూర్చుంటారు!"

ఆమె కళ్లలో నీళ్లు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

అంతలో అటెండర్ జంగయ్య ఆ బ్యాచ్ సీసా పట్టుకొచ్చాడు. "అమ్మా, పారెయ్యమన్నరు గదా. ఏసీ రూమ్ల పెట్టి చాయ్ తాగొచ్చిన, మల్ల ఊదా రంగైంది. జెర చూడున్రి."

మే నెల ఎండ. దేవిక సీసాని మళ్లీ కిటికీలో పెట్టింది. కాసేపటికి తెల్లబడింది. ఏసీ గదికి పరుగెత్తాం. ఊదా అయింది. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాం. తెల్లబడినప్పుడే పొడి అయస్కాంతంవైపు మొగ్గుతోందని, అయస్కాంతం కట్టిన త్రాసు కూడా చెప్పింది.

"ఇనుము అదేనండీ," అంది దేవిక రొప్పుతూ. "దాన్ని పట్టుకున్న లిగాండ్‌లు మారాయి. అమైనోవి కొన్ని దూరేసరికి రంగు మారే వేడి వంద నుంచి గది వేడికి దిగొచ్చింది. ఎంత పోశారు?"

"సీసా నిండేదాకా."

"అడుగున ఎంతుంది?"

"చూడలేదు."

ఆమె తల పట్టుకుంది. శుక్రవారం గండం గడిచినట్టే. కానీ ఏది ఎంత కలిసిందో తెలియనిదే అది రీసెర్చ్ అనిపించుకోదు. రకరకాల పాళ్లలో కలిపి చూడాలంటే మూడు నెలల పని.

"శని, ఆదివారాలు నేనొచ్చి చేస్తాను," అన్నాను.

"తప్పు దిద్దుకోవడానికా?"

"కాదండీ." ఆమెవైపు తిరిగాను. "మీరు కనబడని వారం నాకొద్దు. మీరంటే నాకిష్టం. చెప్పలేక సీసాలు నింపాను."

దేవిక ఒక కాగితం మీద చిలకలగూడలో వాళ్లింటి అడ్రసు రాసి నా చేతిలో పెట్టింది.

"ఆదివారాలు కూడా ల్యాబేమిటని మా అమ్మ అడుగుతుంది. నాకు అబద్ధాలు రావు. ఈ ఆదివారం మీరే వచ్చి చెప్పండి."

"ఏమని చెప్పను?"

"ఇందాక నాకు చెప్పిందే." ఆమె తల వంచుకుని నవ్వింది. "భయపడకండి, నేను పక్కనే ఉంటాను."