చేయి దించని వరప్రసాద్

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే పొద్దుటి బస్సులో కిటికీ సీటు కోసం బీనాకూ వరప్రసాద్‌కూ ఏడాదిగా పోట్లాట. అతను సీటు మీద కర్చీఫ్ వేస్తాడు. ఆమె దాన్ని తీసి అతని చేతికే ఇచ్చి దర్జాగా కూర్చుంటుంది. ఈ మధ్య అతను కర్చీఫ్ వేసి కూడా, ఆమె వచ్చేదాకా పక్కన నిలబడే ఉంటున్నాడు. బీనాకు సంగతి అర్థమైంది గానీ, అర్థం కానట్టు నటించడం భలే బాగుంది.

ఆ రోజు బీనాకు ఫిజియోథెరపీ ఫైనల్ ప్రాక్టికల్. రోగి కండరాల బలాన్ని చేత్తో నొక్కి చూసి గ్రేడ్ చెప్పాలి. కదలికే లేకపోతే సున్నా, ఎత్తగలిగినా నొక్కితే ఆగకపోతే మూడు, ఎంత నొక్కినా నిలబడితే ఐదు. పరీక్షకు మనిషిని తనే తెచ్చుకోవాలి. వస్తానన్న స్నేహితురాలు నీలిమ సరిగ్గా బస్సు కదిలాక ఫోన్ చేసి, జ్వరమంది.

బీనా ఫోన్ పెట్టేసింది. తల తిప్పితే, టమోటా మార్కెట్లో నిండు క్రేటును ఒంటిచేత్తో ఎత్తే మనిషి పక్కనే ఉన్నాడు.

"ఒక గంట నీ చెయ్యి కావాలప్పా. ఈ పరీక్ష పోతే కుప్పంలో ఇస్తామన్న ఉద్యోగం గూడా పోతాది."

"రెండు చేతులూ తీసుకో," అన్నాడు వరప్రసాద్.

మదనపల్లె కాలేజీలో పరీక్ష పెట్టడానికి కుప్పం నుంచి ఇందిర మేడం వచ్చింది. నవ్వడం ఆమెకు డాక్టరు వద్దన్నట్టుంది.

"భుజం సూడమ్మా."

వరప్రసాద్ చేతిని పక్కకు చాపాడు. "నేను కిందికి నొక్కతా, నువ్వు ఆపు," అంది బీనా. నొక్కింది. చెయ్యి కిందికి వచ్చేసింది. మళ్లీ నొక్కింది. ఈసారి "అబ్బా" అని మూలుగుతూ మరీ వచ్చింది.

"ఏం గ్రేడు?"

చూసినవాళ్లెవరైనా మూడంటారు. కానీ నిజంగా బలం లేని చెయ్యి ఒకే తీరుగా దిగుతుంది. ఇది ఆగి ఆగి, బీనా మొహం చూస్తూ దిగింది.

"ఐదు మేడం. కావాలనే వదిలేస్తాండాడు."

"యాలప్పా?" అంది మేడం.

వరప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను గెలిస్తే బీనాకు మార్కులు తగ్గిపోతాయనుకుంటి మేడం."

హాలంతా గొల్లుమంది. బీనాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"నా మీద ఇష్టముంటే ఈసారి చెయ్యి దించొద్దు!"

అనేశాక నాలుక కరుచుకుంది. అతను చెయ్యెత్తాడు. బీనా ఒంటిచేత్తో నొక్కింది, రెండు చేతులతో నొక్కింది, చివరికి వేలాడింది. కాళ్లు నేల వదిలాయి గానీ చెయ్యి మాత్రం కదల్లేదు. మేడం కూడా వచ్చి నొక్కి, గాజులు సర్దుకుంది.

"ఐదే. ఆ యబ్బాయి ఎంత నటించినా నీ వేళ్లు పట్టేసినాయి. పాస్."

తర్వాతి విద్యార్థిని పిలిచారు. వరప్రసాద్ చెయ్యి చాపి అలాగే నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందప్పా, దించు."

"దించను."

"యాల?"

"దించితే ఇష్టం లేదనుకుంటావు."

ఇందిర మేడం గడియారం చూసుకుంది. "ఏదో ఒకటి బిరీన చెప్పమ్మా, ఆడ దారికి అడ్డంగా ఉండాది ఆ చెయ్యి."

బీనా తల వంచుకుంది. "నాకూ ఇష్టమే. ఇంక దించు."

దించాడు. దించిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడుతుంటే, బీనా రెండు వేళ్లతో పట్టుకుని బయటికి లాగింది. వరప్రసాద్ ఈసారి నటించకుండానే బలమంతా పోయినవాడిలా వెంట నడిచాడు.