పొలం గట్టున వైండింగు

పుంగనూరు బస్టాండులో దిగేసరికి వాన. నవనీతకు వాన మీద కోపం లేదు. ఎదురుగా పళ్లికిలిస్తూ నిలబడిన లోహిత్ మీదే ఉంది.

"మదనపల్లె నుంచి తడుస్తానే వచ్చినావా?" అన్నాడతను.

"అది ఇడువు. మా నాయన ఆదివారం పెండ్లి మాటలకు మీ ఇంటికొస్తాడు. పిల్లోడేం చేస్తాడంటే ఏం చెప్పేది? మొన్న బ్యాంకు కోచింగంటివి."

"అది మా నాయన మాట."

"ఆ ముందర బట్టలంగడి?"

"అది మా మామ మాట."

"మరిప్పుడు?"

"నీకు కుప్పం కాలేజీలో ఉద్యోగం వచ్చెగదా. నేనూ ఆడికే వచ్చేస్తా. జిరాక్సు అంగడి పెట్టుకుంటా."

నవనీత బ్యాగును దబ్బున బెంచీ మీద పడేసింది. "నాయనకు సరే, మామకు సరే, ఇప్పుడు నాకూ సరే! నీదంటూ ఒక్క ఆలోచనన్నా ఉండాదా నీకు?"

టీ అంగడి తులసమ్మ బ్యాగుతో సహా బెంచీని జల్లు తగలని చోటికి లాగి, రెండు టీలు పెట్టి పోయింది.

లోహిత్ కూర్చున్నాడు. "నవ్వనంటే చెప్తా."

"నవ్వే ఓపిక యాడుంది? చెప్పప్పా!"

"బోరు మోటారు కాలిపోతే సదుం రైతు దాన్ని పైకి లాగి, ఆటోలో ఈడికి తెస్తాడు. కాలిన తీగ తీసి కొత్తది చుట్టే వైండింగుకు రోజుల తరబడి కాచుకోవాల. ఆలోగా టమాటా తోట వాడిపోతాది. మిషను టెంపోలో పెట్టుకొని నేనే పొలం గట్టుకు పోతే?" చెప్పేకొద్దీ అతని చేతులు గాల్లో రాగితీగ చుట్టసాగాయి. "ఏడాదిగా ఈడ నాగరాజన్న మోటార్ల షెడ్డులో పని నేర్చుకుంటాండా."

"ఏడాదిగా! నాకు యాల చెప్పలే?"

"చెప్తే అందరూ కలిసి దాన్ని కూడా బాగు చేస్తారని."

నవనీత నవ్వు దాచుకుంది. "బాగుండాది. అయితే కుప్పంలోనే పెట్టు. ఆడా బోర్లుండాయి. నా పక్కనే ఉంటావు."

లోహిత్ టీ అంతా ఒక్క గుక్కలో తాగేశాడు.

"రాను. సదుం, పెద్దపంజాణి రైతులకు నేను తెలుసు. నన్ను నమ్మి మోటారు ఇప్పుతారు. నువ్వాడ నీ ఉద్యోగం చెయ్. నేనీడ నా పని చేస్తా. కోపమొస్తే రానీ."

మూడేళ్ల ప్రేమలో అతను ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. నవనీతకు అతన్ని కొట్టాలనిపించింది. అంతకంటే ముందు ముద్దొచ్చాడు.

కుప్పం బస్సు వచ్చి ఆగింది. "జల్లు తగ్గినాక ఎక్కమ్మా, నిలబడతాం" అని కండక్టరు కేకేశాడు.

ఆమె ఫోను తీసింది. "నాయనా, ఆదివారం తప్పకుండా పో. పిల్లోడు బోరు మోటార్లు బాగుచేస్తాడు... ఆఁ, సొంతంగానే... లేదు నాయనా, కుప్పం రాడంట. నేనడిగినా రాడంట!"

ఆ చివరి మాటలో పొంగిన గర్వం విని, లోహిత్ ఖాళీ గ్లాసునే ఎత్తి మరో గుక్క తాగాడు.