డాబా మీద రెండంగుళాల నీళ్ళు

“మీ డాబాకి ముందు వైద్యం కావాలండీ. సోలార్ ప్యానెళ్ళ సంగతి తర్వాత,” అంది సర్వే అమ్మాయి.

చెంబెడు నీళ్ళు పగులు మీద పోసి చూపించింది. నీళ్ళు చడీచప్పుడు లేకుండా లోపలికి జారుకున్నాయి. అలాంటి పగుళ్ళు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తీరిగ్గా సాగి ఉన్నాయి. ఇంత దిక్కుమాలిన డాబా పెట్టుకుని వీళ్ళకి సూర్యుడితో బేరాలెందుకో ఆమెకు అర్థం కాలేదు.

“అదంతా నాకు తెలుసండీ,” అన్నాడు ఇంటాయన కొడుకు.

అతనికి తెలియనిదంటూ లేదు. అరగంటలో ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చెప్పాడు, ఇన్వర్టర్ అంటే ఏమిటో చెప్పాడు, ఆమె చేతిలోని టేపును ఎలా పట్టుకోవాలో కూడా చెప్పాడు. నాలుగేళ్ళుగా ఊళ్ళోని డాబాలన్నీ ఎక్కి దిగుతున్న ఆమె, మనసులో అతనికి సర్వజ్ఞుడని పేరు పెట్టేసింది. అతను ఆమె వైపు చూస్తున్న చూపులు మాత్రం డాబాకి సంబంధించినవి కావు. ఆమె వాటిని పట్టించుకోనట్టే ఉంది.

“పాత పూతంతా చెక్కేయాలి. పగుళ్ళు నింపి, నీళ్ళు గొట్టం వైపు పారేలా వాలు పెట్టి, మళ్ళీ పూత వేయాలి. పది రోజుల పని. ప్యానెళ్ళ కాళ్ళు బిగించేశాక కింద కారితే, అక్కడికి చెయ్యి కూడా దూరదు. గొడుగు వేసుకుని పడుకోవాలి మీరు.”

“పది రోజులెందుకండీ? మూడ్రోజుల్లో చేయించేస్తా. అప్పుడు మీరే రావాలి.”

“డాబా సిద్ధమయ్యేదాకా రాను.”

మెట్ల దగ్గర నిలబడ్డ తండ్రి నవ్వాడు. “వీడి మాటలు కోటలు దాటతాయమ్మా, కాలు గడప దాటదు. నువ్వు వచ్చే ఏడాది రా.”

కుర్రాడి ముఖం మాడిపోయింది. ఆమెకు కాస్త జాలి వేసింది.

“అసలు మీరు చెంబు ఎక్కువ వంచారండీ,” అన్నాడతను.

జాలి కాస్తా పోయింది.

నాలుగో రోజు వెళ్ళేసరికి డాబా తెల్లగా ధగధగలాడుతోంది. సర్వజ్ఞుడు ఇస్త్రీ చొక్కాలో నిలబడి మెప్పు కోసం చూస్తున్నాడు. మూడు రోజులు దగ్గరుండి పని చేయించానంటున్న మనిషి గోళ్ళలో సిమెంటు నలుసైనా లేదు. పైన పటారం లోన లొటారం అనుకుందామె. కానీ అనుకుంటే సరిపోదు, తేలాలి.

గొట్టం మూతికి గుడ్డ కుక్కి, మోటారు వేయించి, డాబా నిండా రెండంగుళాల నీళ్ళు నిలబెట్టింది.

“రేపు ఇదే టైముకి వస్తా. నీళ్ళు అలాగే ఉండాలి, కింద గది పొడిగా ఉండాలి.”

“ఉంటాయండీ,” అన్నాడతను, గొంతు సవరించుకుంటూ.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి నీళ్ళు అలాగే ఉన్నాయి. కింద గదిలో, తండ్రి మంచానికి సరిగ్గా పైన, కప్పు పొడిగా ఉంది. ఈలోగా ఆమె కంపెనీ మేనేజరు ఫోన్ చేసి, “సంతకం పెట్టి వచ్చెయ్యమ్మా, ఇంకా మూడిళ్ళున్నాయి,” అన్నాడు. పోయినేడు ఆయన తొందరకి తలూపి ఒక ఇంటి కాగితం మీద సంతకం పెట్టింది. తొలి వానకే ఆ ఇంటి ముసలావిడ పరుపు తడిసి ముద్దయింది. ఆ సిగ్గు ఆమెకింకా పోలేదు.

మళ్ళీ పైకెక్కి, వంగి, నీళ్ళలో వేళ్ళు పెట్టింది. రోజంతా మండుటెండలో ఉన్న నీళ్ళు టీలా కాగి ఉండాలి. ఇవి చల్లగా ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది.

“నీళ్ళు ఎప్పుడు మార్చారు?”

“నేనా? లేదండీ,” అంటూ అతను నసిగాడు.

“సరే, కిందికి పదండి.”

కింద తల్లీ తండ్రీ కూర్చుని ఉన్నారు. ఆమె కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. “ఇంటి తరఫున మీరే చదివి సంతకం పెట్టండి. గట్టిగా చదవండి, ఆ కప్పు కింద పడుకునేది మీ నాన్నగారు కదా.”

“ఇరవై నాలుగు గంటలు నీళ్ళు...” అని ఆగిపోయాడు.

“ఏరా, చదవడం కూడా రాదా?” అన్నాడు తండ్రి.

కుర్రాడు కాసేపు ఆ మంచం వైపు చూశాడు. తర్వాత కాగితం బల్ల మీద పెట్టేశాడు.

“నిలవలేదు నాన్నా. నిన్న ఈవిడ వెళ్ళగానే గుడ్డ తీసి నీళ్ళు వదిలేశా. ఇందాక మళ్ళీ నింపా. పగుళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైన పెయింట్ కొట్టించా, అంతే.”

“అందుకా మోటారు అంతసేపు తిరిగింది,” అంది తల్లి.

“నాకు ముందే తెలుసు,” అన్నాడు తండ్రి. “వీడి వల్ల ఏ పనీ కాదు.”

“తెలిస్తే నిన్ననే చెప్పాల్సిందండీ,” అంది సర్వే అమ్మాయి. “మీ మంచం తడవకూడదని మీ ముందే తల దించుకున్నాడు. వెక్కిరించినంత తేలిక కాదది.”

అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. తిట్టడానికి దాచుకున్న మాటలు అతని వైపు మాట్లాడటానికి ఖర్చయిపోయాయి.

“తిట్లు ఎలాగూ తింటున్నా కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తా,” అన్నాడతను, ఆమెనే చూస్తూ. “డాబా సిద్ధమయ్యేదాకా రానన్నారు కదా. మిమ్మల్ని చూడకుండా పది రోజులు ఉండలేననిపించింది. అందుకే మూడ్రోజులన్నా.”

ఆమె చెంపలు వెచ్చబడ్డాయి. ఇంత అబద్ధాలకోరు మీద ఇష్టం పుట్టుకొస్తున్నందుకు ముందు తనని తానే తిట్టుకుంది. తర్వాత కాగితం లాక్కుని ‘డాబా పనికిరాదు’ అని రాసింది. మళ్ళీ వచ్చే తేదీ దగ్గర మాత్రం మర్నాటి తేదీ వేసింది.

“పొద్దున్నే ఏడింటికి వస్తా. పాత చొక్కా వేసుకోండి. పూత మీరే చెక్కాలి. ఉలి పట్టుకోవడం వచ్చా?”

అతను నోరు తెరిచి, మూసుకుని, మళ్ళీ తెరిచాడు. “రాదండీ.”

“నేర్పిస్తా.”

తండ్రి కుర్చీలో ఇటూ అటూ కదిలాడు. “నాకొచ్చమ్మా. నేనూ పైకొస్తా రేపు.”

“మీరు కిందే ఉండండి,” అన్నారు ఇద్దరూ, ఒక్కసారే.